నేను కలిపిన నీళ్ళు

పదేళ్ళుగా ఒక మాట నా గొంతులో ఇరుక్కుని ఉంది. మింగలేను, కక్కలేను. మీరెవరో నాకు తెలియదు, అందుకే ముందు ఈ కాగితం మీద మీకు రాస్తున్నాను. నేను యుద్ధంలో తుపాకీ పట్టలేదు.

మట్టెవాడలో నా చాయ్ హోటల్‌కు వచ్చేవాళ్ళంతా నన్ను మిలిట్రీ అన్న అంటారు. డెబ్బై ఒకటి యుద్ధానికి వెళ్ళొచ్చినవాణ్ణి కదా. శత్రువు మీదికి ఎట్లా ఉరికానో చాయ్ పోస్తూ చెప్పేవాణ్ణి. అన్నీ కోతలే. నన్ను డ్యూటీకి వేసింది సరిహద్దు దగ్గర శరణార్థుల శిబిరంలో. అక్కడ కలరా. సెలైన్ సీసాలు అయిపోయాయి. గత్యంతరం లేక డాక్టర్లు ఉప్పు, గ్లూకోజు, సోడా కొలిచి డ్రమ్ముల్లో నీళ్ళు కలపమన్నారు. కలిపాను. తల్లులు గ్లాసులతో తాగించారు. ఇక లేవరనుకున్న పిల్లలు మర్నాటికి లేచి కూర్చున్నారు. యుద్ధం అంతమందిని అక్కడికి తరమకపోతే ఆ నీళ్ళను అంత త్వరగా ఎవరు నమ్మేవారు? నేను మాత్రం సిగ్గుపడ్డాను. యుద్ధానికి పోయి నీళ్ళు కలిపొచ్చానని ఎట్లా చెప్పుకోను?

ఐదారేళ్ళ తర్వాత, ఒక వానాకాలం మధ్యాహ్నం. హోటల్ నిండుగా ఉంది. నా కోతలు మంచి జోరు మీదున్నాయి. పక్కింటి రాజవ్వ ఉరికొచ్చింది. బీడీలు చేసుకుని బతికే మనిషి. ఆమె ఏడేళ్ళ బిడ్డ సరోజకు పొద్దుటి నుంచి వాంతులు, విరేచనాలు. నీళ్ళు తాగిస్తే ఇంకా ఎక్కువవుతాయని అత్త చుక్క కూడా పోయనివ్వడం లేదట.

"అన్నా, పిల్ల నీళ్ళు నీళ్ళని ఏడుస్తాంది. మిలిట్రీల గిసుంటియి చూసే ఉంటవు. జర నీళ్ళు పొయ్యొచ్చునా?"

అందరూ నా వైపే చూస్తున్నారు. ఉప్పు డబ్బా, చక్కెర డబ్బా నా చేతికందేంత దూరంలో ఉన్నాయి.

"నేను తుపాకి పట్టినోణ్ణి రాజవ్వా. దవాయి సంగతి నాకేమెరుక? దవాఖానకు తీస్కపో."

రిక్షా దవాఖాన చేరేలోపే సరోజ పోయింది.

ఆ నీళ్ళతో బతికేదా? ఏమో. ఈ ఏమో చాటున చాలాకాలం దాక్కున్నాను. కానీ ఆమె అడిగింది ఒక్క మాట, పొయ్యొచ్చునా అని. పొయ్యమనడానికీ ఒక్క మాటే చాలు. పదిమందిలో నా పరువు పోతుందని ఆ మాట చెప్పలేదు. ఏం పరువు నాది?

ఈ ఏటి వానలకు దవాఖాన నర్సమ్మ మా వాడకొచ్చి, విరేచనాలైతే నీళ్ళలో కలిపి తాగించే పొడి పొట్లాలు పంచింది. పొట్లం లేకపోతే ఉప్పు, చక్కెర ఎట్లా కలపాలో నేర్పింది. అందరూ కొత్త మందంటున్నారు. కొత్తదేం కాదు. నాతోపాటే రైలెక్కి అది ఎప్పుడో ఇక్కడికి వచ్చింది, నేనే బయటపెట్టలేదు. అందరికన్నా ముందు నేర్చుకున్నది రాజవ్వే. ఏ ఇంట్లో పిల్లకు బాగోలేకపోయినా చెంబు పట్టుకుని ఉరుకుతోంది. నిన్న నా దగ్గరికే వచ్చి పిడికెడు చక్కెర అడిగింది.

"గిది గప్పుడే ఎవలకన్న ఎరుకుంటే ఎంత బాగుండు అన్నా" అంది.

చక్కెర ఇచ్చాను. చాయ్ గిన్నె వైపు తిరిగిపోయాను. రాత్రంతా నా మీద నాకే రోత పుట్టింది.

రేపు పొద్దున హోటల్ నిండా జనం ఉన్నప్పుడే ఆమెను పిలుస్తాను. నా కోతలు విన్నవాళ్ళందరి ముందే చెబుతాను. క్షమించమని అడగను, అడిగే ముఖం లేదు. ఆమె ఏమన్నా పడతాను. ఇంతవరకు రాసినందుకే గొంతులో కొంచెం గాలి ఆడుతోంది. చెప్పాల్సిన మాటలు మూడే, ఇందాకటి నుంచి నాలో నేను అనుకుంటున్నాను.

నేను తుపాకి పట్టలే రాజవ్వా. నీళ్ళు కలిపిన. నాకు ఎరుకుండె.