బాపు గుంజి అతికించిన రెక్క

శంషాబాదులో విమానాలు దిగడం మొదలైన కొత్తలోనే మా బాపుకు పక్షవాతం వచ్చింది. కాలు తొందరగానే దారికొచ్చింది గానీ కుడిచెయ్యి మొండికేసింది. దానికి పని చెప్పకపోతే ఇక అట్లాగే ఉండిపోతుందని దవాఖానలో డాక్టరు గట్టిగా చెప్పాడు. పిసకమని అమ్మ రబ్బరు బంతి తెచ్చిస్తే, "నేనేమన్న చిన్న పోరన్నా?" అని బాపు దాన్ని మంచం కిందికి దొర్లించేవాడు. మా ఇంట్లో మొండితనానికి ఎప్పుడూ కరువు లేదు.

అప్పుడు నేను ఇంజనీరింగ్ చదువుతున్నాను. కాలేజీ పోటీ కోసం, మెలితిప్పిన రబ్బరుతో ఎగిరే చిన్న విమానం చేస్తున్నాను. తేలికైన బాల్సా చెక్క పుల్లలతో గూడు కట్టడం అయిపోయింది, ఇక పైన పల్చటి టిష్యూ కాగితం తొడగాలి. బాపు పక్కన కూర్చుని కాసేపు చూశాడు. పెళ్లికి ముందు ఆయన చేసే పతంగుల కోసం మైలార్‌దేవ్‌పల్లి నుంచి కూడా వచ్చేవాళ్లట. పుల్లల మీద నా బంక ముద్దలు చూసి ఉండబట్టలేకపోయాడు.

"ఏందది, ఇడ్లీలు పెడ్తున్నవా? ఇటు తే బిడ్డా."

పతంగులు అతికించే మైదా బంక, లై, అమ్మతో ఉడకబెట్టించాడు. ఎడమచేత్తో రెక్కను తొడకు ఆనించి, కుడిచేత్తో కాగితం అంచు పట్టుకున్నాడు. వేళ్లు వణికాయి, జారాయి, మళ్లీ పట్టుకున్నాయి. అమ్మ పొయ్యి మీది పాల సంగతే మరిచిపోయింది.

"బాపూ, ఇది పతంగి కాదు. కాయితం జర వదులుగుండాలె. నీళ్లు చిమ్మితే అదే బిగుసుకుంటది," అన్నాను.

"వదులుగ అతికిస్తే ఎవలన్న నవ్వుతరు," అని ఇంకాస్త గుంజాడు. ఆ చెయ్యి గుంజుతుంటే వద్దనడానికి నాకు నోరు రాలేదు. విమానం ఎటుపోతే నాకేం అనిపించింది.

నీళ్లు చిమ్మి, మూలల్లో బరువులు పెట్టి నీడలో ఆరబెట్టాను. సాయంత్రం బరువులు తీస్తే రెక్క నూనెలో వేసిన అప్పడంలా వంకరపోయింది.

బాపు దాన్ని తిప్పి చూశాడు. తర్వాత తన చేతిని చూసుకున్నాడు.

"చెయ్యి పోయింది బిడ్డా. సాపుగ గుంజలేకపోయిన."

"కాదు బాపూ! నువ్వు గట్టిగ గుంజినవ్, గందుకే వంకర పోయింది. నీ చేతిల బలం లేకుంటే రెక్క మంచిగనే ఉంటుండె."

అందులో ఒక్క మాట కూడా అబద్ధం కాదు. కాగితం మీద బొమ్మ గీసి మరీ చెప్పాను. ఆయన ప్రతిదానికీ తలూపాడు. ఎంత నిజం చెబితే అంత ఉత్త ఓదార్పులా వినిపించిందాయనకు. మనిషికి మంచి కబురు చెప్పి నమ్మించలేకపోవడం ఎంత దిక్కుమాలిన పనో నాకు ఆ రోజే తెలిసింది. ఆ దిగులు ఇప్పటికీ నన్ను వదల్లేదు.

మర్నాడు అమ్మ కంచం పెడితే, బాపు కుడిచేతిని కండువా కింద దాచుకుని మొదటిసారి ఎడమచేత్తో ముద్ద ఎత్తాడు. మా చిన్నప్పుడు ఎడమచేత్తో మెతుకు ముట్టుకుంటే చేతిమీద కొట్టింది ఆయనే.