ఫాంటు పేరు పొర్లిన రోజు

నిజామాబాద్ బస్టాండు ఎదురుసందులో నాకో డీటీపీ సెంటరు ఉంది. పెళ్ళి కార్డులు, కోర్టు అర్జీలు, పసుపు దుకాణాల బోర్డులు, ఏది వస్తే అది టైపు చేస్తాను. పాత ఫాంటులో కొట్టిన తెలుగును ఇప్పటి ప్రెస్సులు తీసుకోవు. దాన్ని యూనికోడ్‌లోకి మార్చడానికి ఒక కన్వర్టర్ వాడేదాన్ని. కొత్త వెర్షన్ వచ్చిందని తెర మీద చిన్న డబ్బా ఒకటి కనిపిస్తూ ఉండేది. కొత్తదాంట్లో ఒత్తులు తారుమారవుతాయని ఎవరో అన్నారు. "తర్వాత" అని నొక్కి పనిలో పడిపోయేదాన్ని.

బోధన్ నుంచి ప్రతి శుక్రవారం ఒక పెద్దాయన వచ్చేవారు. చక్కెర ఫ్యాక్టరీలో పాకం పట్టే దగ్గర పనిచేసి రిటైరయ్యారు. తనతో పనిచేసిన మనుషుల గురించి, ఒక్కొక్కరికి ఒక అధ్యాయం చొప్పున, నోటు పుస్తకాల్లో రాసుకున్నారు. వేళ్ళ మధ్య పాకం నలిపి గింజ కట్టిందో లేదో చెప్పే మరాఠీ మనిషి, చెరుకు బండి కింద కాలు పోయినా మరుసటి సీజనుకు గేటు కాపలాకు వచ్చిన మనిషి, ఇట్లా ఎందరో. నేను పైకి చదువుతూ టైపు చేస్తుంటే స్టూలు మీద కూచుని వినేవారు. ఆయన చూపు అప్పటికే సగం పోయింది.

వానాకాలంలో ఒకరోజు చెప్పారు. "ఇల్లు ఉరిసింది బిడ్డా. బుక్కులన్ని ముద్దయినయి. నీ దగ్గర ఎక్కినయి గాబట్టి సరిపోయింది."

చివరి అధ్యాయం పూర్తయింది. వచ్చే శుక్రవారం మొత్తం మార్చి ప్రెస్సుకు పంపుదామనుకున్నాం. మధ్యలో సోమవారం మెయిల్లో ఒక ఫైలు వచ్చింది. ఏదో సంఘం ఆహ్వానపత్రిక, యూనికోడ్‌లోకి మార్చాలట. తెలియని పేరే, కానీ నా గిరాకీలో సగం తెలియని పేర్లే. కన్వర్టర్‌లో తెరిచాను. అది ఏమీ చెప్పకుండా మూసుకుపోయింది. మళ్ళీ తెరిచాను. మళ్ళీ అంతే. చాయ్ తాగి వచ్చేసరికి నా ఫైళ్ళన్నిటి పేర్ల చివర ఏవో పిచ్చి అక్షరాలు చేరాయి. ఒక్కటీ తెరుచుకోలేదు. కాపీలు పెట్టుకున్న హార్డ్ డిస్కు కూడా అదే కంప్యూటరుకు తగిలించి ఉంది.

పక్క షట్టరులో కంప్యూటర్లు బాగుచేసే అతను వచ్చి చాలాసేపు చూశాడు.

"ఫైలు లోపల ఫాంటు పేరు ఉంటది గదక్కా. గా పేరుకు నీ కన్వర్టరు కొంత జాగనే పెట్టింది. పేరెంత పొడుగున్నదో సూడకుండనే అండ్ల నింపుతది. గా ఫైలు పంపినోళ్ళు కావాలని శానా పొడుగు పేరు పెట్టిండ్రు. జాగ సాలక పక్క మెమరీల పడ్డది. గా పడ్డదాంట్ల వాళ్ళ ఆర్డర్లున్నయి. కంప్యూటరు వాటినే నడిపి నీ ఫైళ్ళన్నిటికి తాళమేసింది."

"మల్ల తెరుసుకోవా?"

"తాళం వాళ్ళ చేతుల ఉన్నది. మనతోని కాదు." తెర మీంచి చూపు తిప్పకుండానే అన్నాడు. "కొత్త వెర్షన్ల గిది ఎప్పుడో సరిచేసిండ్రక్కా."

ఫోనులో చెప్పడానికి నోరు రాలేదు. శుక్రవారం ఆయన వచ్చి కూచున్నాకే చెప్పాను. ఫైళ్ళు, తాళాలు అన్నీ విన్నారు.

"అంటే, బుక్కులు తడిసినట్టేనా?"

"అట్లనే బాపూ."

కోపం చేస్తే బాగుండేది. చెయ్యలేదు. "మల్ల చెప్త, కొట్టు," అన్నారు. మూడు శుక్రవారాలు ప్రయత్నించాం. మనుషులు గుర్తున్నారు, కానీ ఒకరి ముచ్చట ఇంకొకరిలో కలిసిపోయింది. మాట ఆగినచోట నాకు గుర్తున్నది అందించబోయాను. తల అడ్డంగా ఊపారు.

"గది నీ మాట బిడ్డా. నేను రాసింది గట్ల లేదు."

మూడో శుక్రవారం సగంలోనే లేచారు. "ఇగ సాలు," అన్నారు. ఆటో ఎక్కించి వచ్చాను. తర్వాత రాలేదు. ఫోను చేస్తే కోడలు ఎత్తింది. చూపు పూర్తిగా పోయిందని, బస్సెక్కడం లేదని చెప్పింది.

మొన్న సిరికొండ నుంచి ఒకామె వెతుక్కుంటూ వచ్చింది. "మా బాపు గురించి గూడ ఆ బోధన్ పెద్దాయన రాసిండట గదా అక్కా, సదివి వినిపిస్తవా?" అంది. తండ్రి పేరు చెప్తే గుర్తుపట్టాను. నా దగ్గర మిగిలింది ఒక్క ముక్కే. చలికాలం షిఫ్టు దిగి, బాయిలరు గోడకు వీపు ఆనించి పాటలు పాడేవాడని. అదే చెప్పాను.

"ఏం పాటలు?" అని అడిగింది.

ఆ పాటలన్నీ నా చేత్తోనే టైపు చేశాను. ఒక్క చరణం కూడా గుర్తుకు రాలేదు. ఆమె కొంగు సర్దుకుని మెట్లు దిగిపోయింది.