నీరంటని గాజు మీద బావ చుక్క

మా బావ ఉద్యోగం చుక్కలు పెట్టడం. పరిశోధనశాలలో ఇరవై రెండేళ్ళుగా అదే పని. ఒకసారి భూకంపం వచ్చి భవనమంతా ఊగినా ఆయన పెట్టిన చుక్క మాత్రం కదల్లేదని అందరికీ చెబుతుంటాను. భూకంపం రాలేదనుకోండి. వచ్చి ఉంటే జరిగేది అదే.

నేను అక్కడే గాజు సామాను కడిగేవాణ్ణి. ఎనిమిదో తరగతిలోనే చదువుకు దండం పెట్టిన నన్ను, పెద్ద పెద్ద డిగ్రీలున్నవాళ్ళు వచ్చి "ఈ బీకరు వాడొచ్చా?" అని అడిగేవారంటే మాటలా!

బావ పని సంగతి చెబుతాను. ద్రవం పాలలా తెల్లగా ఉంటుంది. అందులోని రేణువులు ఎంత సన్నవంటే, ఒక వెంట్రుక మందంలో మూడు వందలు వరుసగా నిలబడతాయి. మామూలు గాజు మీద ఆ చుక్క ఆరితే అంచు అతుక్కుపోతుంది. రేణువులన్నీ అంచుకే పరిగెత్తి, టీ గ్లాసు పెట్టిన చోట మిగిలే మరకలా వలయం కడతాయి. నీరంటని పూత వేసిన గాజు మీదైతే చుక్క ముత్యంలా కూర్చుంటుంది. ఆరేకొద్దీ అంచు లోపలికి జారుతుంది. పండ్ల కొట్లో బత్తాయిలు పేర్చినట్టు రేణువులు వాటంతటవే వరుస కడతాయి. చివరికి ఆవగింజంత పూస మిగులుతుంది. రంగు వేయకుండానే అది వెలుతురులో ఆకుపచ్చగా, ఎర్రగా మెరుస్తుంది.

చిక్కంతా చుక్కను దించడంలోనే. గాజు దాన్ని రానివ్వదు, పిప్పెట్ మొన దాన్ని పోనివ్వదు. చెయ్యి ఇసుమంత వణికినా దొర్లిపోతుంది.

బావ చెయ్యి వణకడం మొదలైంది.

డాక్టరు తగ్గేది కాదన్నాడు. ఉద్యోగం పోతే క్వార్టరు ఖాళీ చెయ్యాలి. అక్కకూ బావకూ వేరే నీడ లేదు.

"రిటైరయ్యేదాకా రెండేళ్ళు నెట్టుకురావాలిరా," అన్నాడు బావ. "పొద్దున్నే ఎవరూ రాకముందు చుక్కలు నువ్వు పెట్టెయ్యి. నేను పక్కన కూచుంటా."

"నేనా? గాజు కడిగే వెధవ అన్నావుగా!"

"ఇప్పుడూ అదే అంటున్నా. సిగ్గు లేనోడికి చెయ్యెందుకు వణుకుతుందని నిన్ను పిలిచా."

అక్క నవ్వలేదు. "ఒరేయ్, నీ గొప్పలు అక్కడ చూపించకు. ఆయన ఎలా చేస్తే అలాగే చెయ్యి. ఎక్కువా వద్దు, తక్కువా వద్దు."

నెల రోజులు బుద్ధిగానే చేశాను. ఆ తర్వాత నా చేతి దురద ఊరుకుంటేనా? చుక్కలు పెట్టిన గాజులను బావ ఒక పెట్టెలో ఆరబెట్టేవాడు, గంటలో ఆరేవి. నేను అందులో తడి స్పాంజి ముక్క పెట్టి మూత బిగించాను. లోపలి గాలి తేమగా ఉండేసరికి చుక్కలు ఆరడానికి ఐదు గంటలు పట్టింది. తొందర లేకపోవడంతో రేణువులు వరుస తప్పలేదు. పూసలు నిప్పుకణికల్లా మెరిశాయి.

బావ ముఖం పాలిపోయింది. "ఏం చేశావురా?"

"నీ పేరు నిలబెట్టా బావా."

"ఎవడు నిలబెట్టమన్నాడు? ఎవరి కంటా పడకపోతే చాలన్నానుగా!"

అప్పటికే పడ్డాయి. పరిశోధనశాలకు పెద్ద అయిన మేడమ్ ఆ పూసల పళ్ళెం పట్టుకుని వచ్చారు. "ఇన్నేళ్ళలో ఇలాంటివి చూడలేదండీ. రేపు అందరి ముందూ ఒకసారి చేసి చూపించండి."

మర్నాడు పదకొండు మంది చుట్టూ చేరారు. బావ ఎడమచేత్తో కుడి మణికట్టు బిగించి పట్టుకున్నాడు. మొదటి చుక్క దొర్లి నేల మీద పడింది. రెండోసారి పిప్పెట్ మొన తగిలి పూత గీసుకుపోయింది.

"ఏంటండీ, పెళ్ళిచూపుల్లో కూచున్నట్టు ఆ చెమటలు!" అన్నారెవరో. అందరూ నవ్వారు.

మూడో చుక్క మొననే వేలాడుతూ చేతితో పాటు వణికింది.

'ఈ పూత బాగాలేదు మేడమ్' అని నేను అనేసి ఉంటే ఆ పూటకు గండం గడిచేది. పుట్టినప్పటి నుంచీ కోతలు కోసిన నోటికి ఆ ఒక్క అబద్ధం రాలేదు. "ఇటివ్వు బావా," అని పిప్పెట్ లాక్కుని వరుసగా పది చుక్కలు పెట్టాను. ఒక్కటీ కదల్లేదు. చప్పట్లు కొట్టారు. వాటిని విని, సిగ్గులేకుండా, ఒక్క క్షణం పొంగిపోయాను.

మేడమ్ చప్పట్లు కొట్టలేదు. ఆవిడ బావ చెయ్యే చూస్తున్నారు.

"ఎన్నాళ్ళ నుంచి?"

బావ చేతిని జేబులో పెట్టుకున్నాడు. జేబు వణికింది.

వారంలో ఆయన్ని ఇంటికి పంపేశారు. ఆయన పనీ, ఆయన కూచునే స్టూలూ నాకిచ్చారు. క్వార్టరూ నా పేరుకు మారింది. ఇల్లు చేజారలేదు, అదృష్టవంతులన్నారు చుట్టుపక్కలవాళ్ళు. అక్క నా మంచం లోపలి గదిలో వేయించి, తామిద్దరూ ముందు గదిలోకి మారారు. ఎంత వద్దన్నా వినలేదు.

నిన్న మధ్యాహ్నం ఒకటే ఉక్క. బావ స్విచ్చి దాకా వెళ్ళి ఆగి, నా వైపు తిరిగాడు.

"ఫ్యాను వేసుకోవచ్చా?" అని అడిగాడు.