మూడో వాక్యం

కోవిల్‌పట్టిలో బస్సెక్కి అమ్మతో ఫోన్‌లో తెలుగు మాట్లాడాను. పక్క సీటులోని లెక్కల టీచరు విని, ఒక కాగితం నా చేతికిచ్చింది. "తమ్ముడూ, సరిగా ఉండాదా చూడు." విరుదునగర్‌లో తన బడి యాజమాన్యానికి ఇవ్వాల్సిన క్షమాపణ పత్రం అది. ఇవ్వకపోతే ఉద్యోగం పోతుందట.

కుళాయి పది రోజులకొకసారి వస్తే రోజుకు ఎన్ని బిందెలు వాడుకోవచ్చని ఆమె క్లాసులో లెక్క ఇచ్చిందట. ఒక పాప లేచి, పది రోజులని ఎవరు పెట్టారని అడిగింది.

"కౌన్సిలర్‌ని అడగమంటిని. క్లాసంతా బిందెలతో ఆయన వాకిట్లో నిలబడిరి."

"సిలబస్‌లో లేదంటే సరిపోయేది గదక్కా!" నాకు చిరాకేసింది.

పత్రంలో మూడు వాక్యాలున్నాయి. ఒకటి, తప్పు చేశాను. రెండు, రాజకీయం మాట్లాడను. మూడు, పాఠంలో లేని ప్రశ్నలకు జవాబివ్వను. మూడోది కొట్టేయమన్నాను.

"అదే వాళ్లు రాయించింది. అది ఉండనీ, మీ ఇంటికి నీళ్లు ఎన్నినాళ్లకు?"

"ఎనిమిది."

"ఎవురు పెట్టిరి?"

నేను నీటి సరఫరా ఇంజనీరుని; పంపు సామర్థ్యం, పైపు వ్యాసం, ట్యాంకు ఎత్తు చెప్పగలను. అది మాత్రం తెలియలేదు.

ఆమె నా పెన్ను తీసుకుని సంతకం చేసి దిగిపోయింది.

కిందటి వారం మా కౌన్సిలర్‌కు ఫోన్ చేసి అదే అడిగాను. "అడిగేది ఎవరు, టీచరా?" అన్నాడు.