ఐదో అంతస్తు స్లాబు తాగిన నీళ్లు

నిరుడు వేసవి. వానలు మొహం చాటేసిన ఏడాది. సూరత్‌లోని ఆల్థాన్‌లో పన్నెండు అంతస్తుల అపార్టుమెంటు కడుతున్న సైటుకు నేను ఇంజినీరును. కట్టడాలకు కుళాయి నీళ్లు వాడకూడదని ఆంక్షలు వచ్చాయి. "ఫ్లాట్లు బుక్ చేసుకున్నవాళ్లు నెత్తిన కూర్చున్నారు, పని ఆగితే మునిగిపోతాను సాబ్," అని మా బిల్డరు సేఠ్ లబోదిబోమన్నాడు. మునగడానికైనా నీళ్లుండాలి కదా అని నేను పైకి అనలేదు.

మొదట వచ్చిన టాంకర్ నీళ్లు ఉప్పు కషాయం. కాంక్రీటులో ఉప్పు చేరితే లోపలి ఇనుము తుప్పు పడుతుంది. తాగడానికి పనికొచ్చే నీళ్లే కాంక్రీటుకూ పనికొస్తాయన్నది మా వృత్తిలో పాత నియమం. టాంకర్‌ను తిప్పి పంపాను. "తాగే నీళ్లయితేనే స్లాబు పోయిస్తాను సేఠ్," అన్నాను. ఆ మాటతో ఆ రోజు నా మీద నాకే గౌరవం పెరిగింది.

మూడో రోజు మంచి నీళ్లు వచ్చాయి. దోసిలి పట్టి తాగి చూశాను. తియ్యగా ఉన్నాయి. ఎక్కడివని అడగలేదు. ఐదో అంతస్తు స్లాబు పోసి క్యూరింగ్ మొదలుపెట్టాం. అంటే కాంక్రీటు గట్టిపడేదాకా ఆరనివ్వకుండా, పైన చిన్న గట్లు కట్టి నీళ్లు నిలపడం. ఆ పని లక్ష్మవ్వది. పాలమూరు మనిషి, సైటుకు దగ్గర్లోని వడోద్‌లో అద్దె గదిలో ఉంటుంది.

ఒక సాయంత్రం వాచ్‌మన్ ఆమెను క్యాన్‌తో సహా నా ముందుకు తీసుకొచ్చాడు. క్యాన్ నిండా టాంకర్ నీళ్లు.

"ఏంటి లక్ష్మవ్వా, సైటు నీళ్లు దొంగతనంగా పట్టుకెళ్తావా?" అని కసిరాను.

"దొంగతనమేంది సార్? గీ టాంకర్ మా గదుల ఎనుకున్న బోరుకాడనే నింపుతున్నరు. బోరెండిందని మా మాలిక్ మా నల్లాకు తాళమేసిండు. పిల్లలకు తాగనీకి నీళ్లు లెవ్వు. గా నీళ్లే నేను పొద్దంత సిమెంటుకు పోస్తున్న. జర మీరే చెప్పుండ్రి, దొంగెవరు?"

సేఠ్‌ను అడిగితే దాచలేదు. "తాగే నీళ్లు కావాలన్నది మీరే కదా సాబ్! ఆ గదుల యజమానికి అద్దెల కన్నా నీళ్లే గిట్టుబాటు. ఏం, క్యూరింగ్ ఆపేయమంటారా?"

ఆపితే స్లాబు పగుళ్లిస్తుంది. స్లాబు కాగితాల మీద సంతకం నాది. ఆపమనలేదు. రోజూ రెండు క్యాన్లు తీసుకెళ్లమని లక్ష్మవ్వతో చెప్పాను, పెద్ద దాతలా.

"నాకొక్కదానికే ఇస్తే పక్కగదోళ్ల మొకం ఎట్ల చూడాలె సార్?" అని, ఆ క్యాన్‌ను స్లాబు మీదే వంపేసి వెళ్లిపోయింది. మర్నాడు పనికి రాలేదు. వారం తర్వాత మనిషిని పంపితే గది ఖాళీగా ఉందన్నాడు.

ఆ స్లాబుకు ఒక్క పగులూ రాలేదు. ఎంత బాగా కుదిరిందో అని నలుగురూ మెచ్చుకుంటుంటే నాకు ఒళ్లు మండుతుంది. నీళ్లు మంచివో కావో చూడడం నాకు ముందే వచ్చు. ఎవరి బిందెలోవని అడగడం లక్ష్మవ్వ నేర్పింది. ఇప్పుడు టాంకర్ రాగానే మొదట అదే అడుగుతాను. డ్రైవరు ఏదో ఒక అబద్ధం చెబుతాడు. నేను టాంకర్ రసీదు మీద సంతకం పెడతాను.