కరెంటు లాగిన ఎద్దులు

చౌడప్పకు దేవుడు ఒక జత మంచి ఎద్దుల్నీ, ఒక బావిలో సగాన్నీ, ఊరందరికీ పంచినా మిగిలేంత కుళ్ళునీ ఇచ్చాడు. ఎద్దులు అతని రెక్కల కష్టం. బావి నాయన విడిచిపోయింది. కుళ్ళు మాత్రం తమ్ముడు ఆదెన్నతో పాటే పుట్టిందని వాళ్ళమ్మ బతికున్నన్నాళ్ళూ నవ్వుతూ చెప్పేది.

అన్నదమ్ములు వేరుపడినప్పుడు పొలం పంచుకున్నారు గానీ బావిని పంచుకోవడం ఎవరి తరం? అందుకని వంతులవారీగా కపిల తోలుకునేవారు. ఎద్దులు బావిగట్టు నుంచి ఏటవాలుగా దిగితే మోకు కట్టిన తోలుబాన నీళ్ళతో పైకొచ్చేది. దారి చివరికొచ్చాక అవి ఆగి, వెనక్కి నడిచి గట్టెక్కితే బాన మళ్ళీ నీళ్ళలోకి దిగేది. పొద్దంతా ముందుకీ వెనక్కీ ఇదే నడక. నీళ్ళున్నన్నాళ్ళు ఇద్దరికీ బాగానే జరిగింది.

ఆ తర్వాత బుక్కరాయసముద్రం అవతలున్న వాళ్ళ పల్లెకూ కరెంటు వచ్చింది. అందరికన్నా ముందు ఆదెన్న ఎద్దుల్ని అమ్మి మోటరు పెట్టించాడు. అతను స్విచ్చి వేస్తే చాలు, బావిలో నీళ్ళు చూస్తూ చూస్తూ అడుగంటేవి. చౌడప్ప వంతు వచ్చేసరికి బానలో బురద తప్ప ఏమీ పడేది కాదు.

"అది మోటరా, బావిని మింగే దయ్యమా?" అన్నాడొకసారి చౌడప్ప.

"నువ్వూ పెట్టుకో అన్నా. ఇద్దరమూ గంటలు పంచుకుందాం" అన్నాడు ఆదెన్న.

"నా ఎద్దులకేం కాళ్ళిరిగినాయా?"

ఎద్దులదేముంది పాపం! తమ్ముడి వెనక తానూ మోటరు పెడితే తమ్ముడే తెలివిగలవాడని ఊరు అంటుంది. ఆ మాట వినడం కన్నా తన రాగిమడి ఎండిపోవడమే చౌడప్పకు నయమనిపించింది. ఊళ్ళో ఒక్కొక్కరూ కపిల విప్పేసి మోటర్లు పెట్టుకున్నారు. చివరికి కపిల తోలేది చౌడప్ప ఒక్కడే అయ్యాడు.

అరవైల్లో ఒక ఎండాకాలం, వంక అవతలున్న సబ్‌స్టేషన్‌లో ఢామ్మని చప్పుడైంది. నల్లటి పొగ లేచింది. ట్రాన్స్‌ఫార్మరు కాలిపోయిందనీ, కొత్తది ఎక్కడినుంచో రావాలనీ కబురొచ్చింది. ఊళ్ళో మోటర్లన్నీ మూగబోయాయి. జనం తలలు పట్టుకుని కూచుంటే చౌడప్ప ముఖం మాత్రం పెళ్ళికొడుకు ముఖంలా వెలిగిపోయింది.

బావిలో నీళ్ళూరాయి. బాన నిండుగా పైకి వచ్చి గుబగుబమని కాలువలో పడుతుంటే ఆ చప్పుడుకు అతనికి కడుపు నిండిపోయేది. వాలిపోయిన రాగిపైరు లేచి నిలబడింది. అది చాలదన్నట్టు, రోజూ పనిగట్టుకుని ఆదెన్న మిరపతోట పక్కనుంచి పోతూ పలకరించేవాడు.

"ఏమప్పా, కరెంటు వచ్చినాదా?"

రాలేదని అతనికీ తెలుసు. అయినా తమ్ముడి నోటితో 'లేదన్నా' అనిపించుకుంటే గానీ పొద్దు గడిచేది కాదు.

"పాపం, మిరప అంతా మాడిపోతాండాది. నాలుగు బానల నీళ్ళు ఆ పక్కకు వదిలితే ఏం పోతాది?" అంది భార్య హనుమక్క.

"వచ్చి అడగమను, వదుల్తా" అన్నాడు చౌడప్ప. తమ్ముడు వస్తాడని, చేతులు కట్టుకుని నిలబడతాడని ఎదురుచూశాడు. ఆదెన్న రాలేదు. అడగకపోవడం కూడా వాడి పొగరేనని చౌడప్ప పళ్ళు నూరాడు.

ఒకనాటి పొద్దున కొత్త ట్రాన్స్‌ఫార్మరు మోసుకుని లారీ వచ్చింది. వచ్చి వచ్చి ఎండిన వంక ఇసుకలో కూరుకుపోయింది. చక్రాలు తిరిగే కొద్దీ ఇంకా దిగబడింది. ఎద్దులు కావాలంటూ సబ్‌స్టేషన్ మనుషులు ఊళ్ళోకొచ్చారు. చౌడప్ప ఎద్దుల్ని గాటనే కట్టేసి, తలుపు దగ్గరగా వేసుకుని లోపల కూచున్నాడు. ఈ లారీ గట్టెక్కితే తన నీళ్ళు పోయినట్టే. ఎవరు ఎందుకు లాగుతారు?

అంతలో వీధిలో మాట వినబడింది. "నాగప్ప ఎద్దులు ముందర కట్టండి. మన ఊళ్ళో వాటిని మించినవి యాడుండాయి?"

చౌడప్ప గబుక్కున లేచాడు. నాగప్ప ఎద్దులా! మోటరొచ్చినప్పటి నుంచీ తిని పడుకుని కొవ్వెక్కిన ఎద్దులా! నీళ్ళ సంగతి, రాగి సంగతి, తమ్ముడి సంగతి అన్నీ మరిచిపోయాడు. హనుమక్క వెనకనుంచి పిలుస్తున్నా వినకుండా ఎద్దుల్ని విప్పి వంకకు తోలుకుపోయాడు.

"జరుగు నాగప్పా. ముందర నిలబడేవి నావి" అన్నాడు.

లారీకి మోకులు బిగించారు. అన్ని జతలకూ ముందర చౌడప్ప ఎద్దులు. అతను అదిలించగానే అవి మెడలు వంచి లాగాయి. ఇంజను గర్జించింది. లారీ కదిలింది. జనం కేకలు పెట్టారు. చౌడప్ప మీసం మీద చెయ్యి వేసుకున్నాడో లేదో, ఎద్దులు టక్కున ఆగిపోయాయి. ఆగి, నెమ్మదిగా వెనక్కి నడవడం మొదలుపెట్టాయి. వెనకున్న జతలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. లారీ మళ్ళీ ఇసుకలోకి జారింది.

"కుళ్ళుతో కావాలనే చేసినాడు!" అని అరిచాడు నాగప్ప.

చౌడప్పకు తల కొట్టేసినట్టయింది. జీవితమంతా కుళ్ళుకున్న మనిషి, ఆ ఒక్కసారి మాత్రం నిజంగా ఏ పాపమూ ఎరగడు. ఆ సంగతి ఎవరు నమ్ముతారు?

"ఉండండప్పా" అంటూ ఆదెన్న ముందుకొచ్చాడు. "మాయన్న తప్పేం లేదు. కపిల ఎద్దులు కదా. బావికాడ ఎంత దూరం నడుస్తాయో అంతే నడిచి, బాన దించాలని వెనక్కొస్తాండాయి. అవి ఆగిన కాడల్లా చక్రాల వెనక రాళ్ళు పెడదాం. లారీ జారదు. మళ్ళీ లాగుతాయి."

అలాగే చేశారు. ఎద్దులు లాగినంత దూరం లాగి ఆగేవి. రాళ్ళు పడేవి. అవి రెండడుగులు వెనక్కి వేసి మళ్ళీ మెడలు వంచేవి. బాన తోడినట్టు తోడి తోడి లారీని గట్టెక్కించాయి. చౌడప్ప ఎద్దులే కరెంటు తెచ్చాయని ఊరంతా చెప్పుకుంది. ట్రాన్స్‌ఫార్మరు నిలబెట్టి, తీగలు కలిపి, ఊళ్ళో దీపాలు వెలిగిననాడు కూడా అదే మాట. ఎద్దుల్ని చూడ్డానికి కొత్తచెరువు చుట్టాలు కూడా వచ్చారు. తనను మాత్రం ఎవరూ చూడలేదని చౌడప్ప ఎద్దుల మీద కూడా కొంచెం కుళ్ళుకున్నాడు.

మర్నాడు బావి దగ్గర జనం ఉండగా ఆదెన్న మోటరు కొట్టం ముందు నిలబడ్డాడు గానీ స్విచ్చి వేయలేదు.

"అన్నా, ముందు నువ్వు కపిల తోలుకో. నీ మడి తడిసినాకే నేను మోటరు వేస్తా. ఇంకమీదట దినామూ ఇంతే."

"తమ్ముడంటే ఇట్లుండల్ల!" అన్నాడు నాగప్ప. అందరూ తలలూపారు.

నీళ్ళు దక్కాయి. పైరు దక్కింది. చౌడప్ప మాత్రం ఆ రాత్రి సంగటి ముద్దను పక్కకు నెట్టేశాడు. ఎద్దులు తనవి, కష్టం తనది, మంచి పేరు మాత్రం మళ్ళీ ఆదెన్నకే పోయింది. ఆ మంచితనమేదో తనకే ముందు తోచి ఉంటే ఎంత బాగుండేది!

తెల్లవారగానే ఎద్దుల్లేకుండా బావి దగ్గరికి పోయి గట్టు మీద కూచున్నాడు.

"నువ్వే ముందు నీళ్ళు పెట్టుకోప్పా. నీ మిరప శానా ఎండింది" అన్నాడు ఆదెన్న రాగానే గట్టిగా, దారిన పోయేవాళ్ళకు వినబడేలా.

"లేదన్నా, నీదే ముందు."

"కాదంటే కాదు. నీదే."

పొద్దెక్కింది. బావి నిండుగా ఉంది. అటు రాగి వాడుతోంది, ఇటు మిరప వాడుతోంది. అన్నదమ్ములు గట్టు మీద కదలకుండా కూచున్నారు.

చివరికి హనుమక్క ఎద్దుల్ని తోలుకుని వచ్చింది. "మీ మంచితనాలు తగలెయ్య! పైరు మాడిపోతాంటే ఈడ కూచోని మర్యాదలా?" అంటూ తనే మోకు బిగించి, ఎద్దుల్ని అదిలించింది. బాన నిండుగా పైకి లేచింది. ఆదెన్న నవ్వాడు.

చౌడప్ప నవ్వలేదు. తన మాటకన్నా ఆమె మాటకే ఎద్దులు చురుగ్గా నడుస్తున్నట్టు అతనికి అనిపించింది.