ఉప్పునీళ్ళు తాగిన డైనమో

నా చిన్నప్పుడు, దివిసీమను ఉప్పెన ముంచేసిన ఏడు, మా మావయ్య ఇంట్లో ఆయన తప్ప ఎవరూ మిగల్లేదు. ఆ రోజు ఆయన తన పాత ట్రాక్టరు లైట్లకు వైరు కొనడానికి బెజవాడ ఆటోనగర్ వెళ్ళి, గాలివానకు బస్సులు ఆగిపోయి అక్కడే చిక్కుకుపోయాడు. వైరు చుట్ట పట్టుకుని తిరిగొచ్చేసరికి అత్తయ్య లేదు, పిల్లలు లేరు, ఇల్లే లేదు. బురదలో కూరుకుపోయిన ట్రాక్టరొకటి ఉంది. మా నాన్న ఎడ్లను కట్టి దాన్నీ, చెయ్యి పట్టుకుని ఆయన్నీ మా ఊరికి తీసుకొచ్చాడు.

మావయ్య ఏడవలేదు. అదే మాకు భయం. పచ్చి మంచినీళ్ళు ముట్టకుండా అరుగు మీద కూర్చుని కాలవకేసి చూసేవాడు. కొడుకు ఎక్కడ అందులో దూకుతాడోనని, మా ఇంట్లోనే ఉండే మా అమ్మమ్మకు కంటిమీద కునుకు లేదు. ఆవిడే కబురంపి, ఆ ట్రాక్టరును ఎప్పుడూ బాగుచేసే మేస్త్రిని ఆటోనగర్ నుంచి పిలిపించింది.

మేస్త్రి ఇంజను శుభ్రం చేసి, లైట్లకు కరెంటిచ్చే డైనమో విప్పాడు. రాగితీగంతా పచ్చగా చిలుము పట్టి ఉంది. రోజూ మంచినీళ్ళతో కడిగి నీడన ఆరబెట్టమనీ, నాలిక్కి ఉప్పు తగలకుండా పోయాక వచ్చి బిగిస్తాననీ మావయ్యకు చెప్పాడు. సాగనంపడానికి వెళ్ళిన అమ్మమ్మతో మాత్రం, నేను వింటూ ఉండగానే, వేరే మాట అన్నాడు.

“అది ఇక లేవదమ్మగారూ. లోపల తీగంతా ఉప్పు తినేసింది. ఆయన చేతికి ఓ పని ఉండనివ్వండి.”

బావులన్నీ ఉప్పుతేలి, తాగే నీళ్ళు లారీలో వచ్చే రోజులవి. అమ్మమ్మ వరసలో నిలబడి తెచ్చిన బిందె ఆ డైనమోకే పోసేది. బూడిదలో పోసిన పన్నీరని ఊరంతా అంది. ఊరికేం, ఎన్నైనా అంటుంది. కడగడం అయ్యాక మావయ్య రెండు ముద్దలు తినేవాడు, మాకు అది చాలు.

ఒకరోజు మావయ్య తీగ నా ముందు పెట్టి నాలిక ఆనించి చూడమన్నాడు. ఉప్పు లేదు. అమ్మమ్మ కేసి చూశాను. ఆవిడ మొహం తిప్పేసుకుంది. ఇంకా ఉందన్నాను. ఆయన తలూపి మళ్ళీ కడగడం మొదలెట్టాడు.

చివరికి మేస్త్రి వచ్చి అన్నీ బిగించాడు. హ్యాండిలు తిప్పగా తిప్పగా ఇంజను అందుకుంది గానీ లైటు వెలగలేదు. అందరం తలలు దించుకున్నాం. మావయ్య ఒక్కడే నిబ్బరంగా ఉన్నాడు.

“నాకు మొదటిరోజే తెలుసు మేస్త్రీ. ఈ వయసులో మా అమ్మ నా కోసం నీళ్ళు మోస్తుంటే, కడగనని ఎట్టా చెప్పేది?”

అమ్మమ్మ అక్కడే కూలబడి ఏడ్చింది. ఆయన అప్పుడూ ఏడవలేదు. ఆ తర్వాత చాలా ఏళ్ళు బతికాడు, బతికాడనే అనాలి మరి.

నాకు ఈ వయసొచ్చేసరికి ఎన్నో చావు ఇళ్ళకు వెళ్ళాను. కాలమే మాన్పుతుందని ఎవరికీ చెప్పను. ఏ చిక్కుడుకాయలో వాళ్ళ ముందు పోసి, ఈనెలు తీద్దాం రమ్మని పక్కన కూర్చుంటాను. దానివల్ల దుఃఖం తగ్గుతుందని కాదు. తగ్గదు, నేను చూశాను.